హంటింగ్టన్ అయిదు పుటలు, విల్సన్ రెండువందల పుటలు

మెదడు లోతుల్లో, అటూ ఇటూ జతలుగా, కదలికల లెక్క చూసే బూడిదరంగు ముద్దలు కొన్ని ఉన్నాయి. కాడేట్, పుటామెన్, పాలిడం అని వాటి పేర్లు. అన్నింటినీ కలిపి బేసల్ గాంగ్లియా అంటారు. వంశంలో వచ్చిన జన్యులోపం వల్ల ఈ ముద్దలు పాడైపోయే జబ్బులు రెండింటి మీద, నలభై ఏళ్ళ తేడాతో ఇద్దరు కుర్ర డాక్టర్లు రాసిన పత్రాలు వైద్యసాహిత్యంలో నిలిచిపోయాయి. ఒకటి జార్జి హంటింగ్టన్ 1872లో అచ్చువేసినది. రెండోది కిన్నియర్ విల్సన్ 1912లో అచ్చువేసినది. జబ్బులకి వాళ్ళ పేర్లే ఉండిపోయాయి.

తిక్కనని ఎర్రనని పక్కపక్కన పెట్టి తూచడం మన విమర్శకులకి కొత్త కాదు. ఈ రెండు పత్రాల్నీ అలా తూచాలని నా ఉద్దేశం. అందుకు కారణం సాహిత్యం ఒక్కటే కాదు. హంటింగ్టన్ వంశాన్ని చూశాడు, మెదడుని చూడలేదు. విల్సన్ మెదడుని చూశాడు, వంశం చేతికందీ జారిపోయింది. విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే దారిలోని గజపతినగరం లాంటి ఊళ్ళలో మేనరికం ఇప్పటికీ మామూలు సంగతే. అక్కడ నిలబడి చదివితే ఈ రెండు లోపాల్లో విల్సన్‌దే ఎక్కువ నష్టం చేసిందని నాకనిపిస్తుంది. మందున్న జబ్బు ఆయనదే మరి.

ముందు హంటింగ్టన్. 1872 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని మిడిల్‌పోర్టు అనే చిన్న ఊళ్ళో, వైద్యుల సంఘం ముందు ఆ పత్రం చదివేనాటికి ఆయనకి ఇరవయ్యొక్క ఏళ్ళు. డాక్టరు పట్టా పుచ్చుకుని ఎంతోకాలం కాలేదు. ఏప్రిల్లో ఫిలడెల్ఫియా వైద్యపత్రిక దాన్ని వేసింది. అచ్చులో అయిదు పుటలు. అందులో ఎక్కువభాగం చిన్నపిల్లలకి వచ్చే మామూలు కొరియా గురించే, అంటే కాళ్ళూ చేతులూ తమంతట తామే ఎగిరెగిరి పడే జబ్బు గురించే. అది పాఠ్యపుస్తకాల్లో అప్పటికే ఉన్న సరుకు. పేరు తెచ్చిపెట్టింది చివర్లో వచ్చే కొద్ది పేరాలు. న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలాండు తూర్పు కొసన తన తాతా, తన తండ్రీ, తనూ చూసిన కొన్ని కుటుంబాల గురించి ఆ పేరాల్లో చెప్పాడు.

ఆ జబ్బుకి మూడు లక్షణాలు గుర్తుపట్టాడు. ఒకటి, వంశపారంపర్యంగా వస్తుంది. రెండు, మతి చెడటం, ప్రాణం తీసుకోవడం ఈ కుటుంబాల్లో ఎక్కువ. మూడు, పెద్దవయసులోనే పట్టుకుంటుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో కొందరికి వస్తుంది. తప్పించుకున్నవాడి దగ్గర ఆ తంతు తెగిపోతుంది, వాడి పిల్లలకీ మనవలకీ ఇక రాదు. ఒక తరం మానేసి మరో తరంలో తలెత్తడం ఉండదు. మెండెల్ బఠానీల లెక్క 1866లోనే అచ్చయినా 1900 దాకా పట్టించుకున్నవాడు లేడు. ఆ లెక్క తెలియకుండానే ఒక పల్లెటూరి డాక్టరు, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపించే బహిర్గత లక్షణం నడిచే దారిని మూడు వాక్యాల్లో చెప్పేశాడు. ఇంత క్లుప్తంగా, ఇంత కచ్చితంగా వర్ణించిన జబ్బులు వైద్యచరిత్రలో బహు కొద్ది అని ఆస్లర్ లాంటి మహావైద్యుడు మెచ్చుకున్నాడంటే వింత లేదు.

హంటింగ్టన్ బలమంతా కుటుంబ వైద్యుడి జ్ఞాపకంలో ఉంది. మూడు తరాల డాక్టర్లు మూడు తరాల రోగుల్ని చూసిన ఇల్లు అది. అంత పొడుగు చూపు ఏ ప్రొఫెసరుకీ దొరకదు. పత్రంలో ఒకచోట ఇద్దరు మగవాళ్ళ ప్రస్తావన వస్తుంది. ఇద్దరూ పెళ్ళయినవాళ్ళే, యాభై దగ్గరపడ్డవాళ్ళే. భార్యలు బతికుండగానే పడుచుపిల్లల వెంట పడేవాళ్ళు. అందులో తప్పుందని వాళ్ళకి తట్టేదే కాదట. చదివినప్పుడు ఊరి రచ్చబండ కబురులా ఉంటుంది. కానీ కాడేట్ ముద్ద నుదుటి వెనకనున్న మెదడు భాగంతో కలిసి పనిచేస్తుందనీ, హద్దు తెలియడం అక్కడి పనే అనీ తర్వాత తెలిసింది. కణం పాడైన సంగతిని ఆయన మనిషి నడవడికలో చూసి రాసిపెట్టాడు. తానేం చూస్తున్నాడో తనకి తెలియదు, అయినా వదిలెయ్యలేదు. మంచి రచయిత లక్షణం ఇదే.

లోపం కూడా అక్కడే ఉంది. ఒక్క మెదడునైనా కోసి చూడలేదు. జబ్బు ఎక్కడుందన్న ప్రశ్నకి సమాధానం చెప్పే పూచీ తనది కాదన్నట్టు రాశాడు. 1908లో డచ్చి వైద్యుడు యెల్గర్స్మా ఈ రోగుల మెదడులో కాడేట్ కృశించి ఉండటం చూపించాడు. 1985లో వాన్‌సాటెల్ బృందం ఆ కృశించడానికి సున్నా నుంచి నాలుగు దాకా మెట్లు కట్టింది. సున్నా మెట్టులో మెదడు కంటికి మామూలుగానే ఉంటుంది. కణాలు లెక్కపెడితే మాత్రం కాడేట్ తలభాగంలో ముప్ఫై నలభై శాతం అప్పటికే పోయి ఉంటాయి. నాలుగో మెట్టుకి తొంభై అయిదు శాతం పోతాయి. మిగిలేది పల్చటి పొర. పక్కనున్న నీటిగది ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది.

ఈ నాశనానికి ఒక వరస ఉంది. తోకవైపు నుంచి తలవైపుకి, పైనుంచి కిందికి, లోపలి అంచు నుంచి బయటికి పోతుంది. పోయేది అన్ని కణాలూ కాదు. ముళ్ళలాంటి కొమ్మలున్న మధ్యతరహా కణాలు పోతాయి. వాటి మధ్యనే ఉండే మరికొన్ని రకాల కణాలు చెక్కుచెదరవు. ముళ్ళకణాల్లోనూ అక్కర్లేని కదలికని ఆపే దారిలో ఉన్నవి ముందు పోతాయి. బ్రేకు అరిగిన బండి సంగతే: ఇంజను బాగానే ఉంటుంది, ఆగమన్నచోట ఆగదు. అందుకే మొదట్లో చేతులూ భుజాలూ మొహమూ ఎగిరిపడతాయి. ఆపైన కదలికని నడిపే రెండో దారి కణాలూ పోయాక మనిషి బిగుసుకుపోతాడు. 1997లో కణకేంద్రకం లోపల ఒక ప్రోటీను ముద్దలు కట్టి కనిపించింది. హంటింగ్టిన్ అని దాని పేరు. 1993లో నాలుగో క్రోమోజోము మీద దొరికిన జన్యువు తయారుచేసేది దాన్నే. ఆ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల మాట నలభైసార్లు, అంతకుమించి వస్తే జబ్బు తప్పదు. ముప్ఫయ్యారు నుంచి ముప్ఫైతొమ్మిది దాకా ఉంటే కొందరికి వస్తుంది, కొందరికి రాదు. తంతు తెగిందనుకున్నచోట తెగకపోవడానికి ఇదొక కారణం. కాబట్టి హంటింగ్టన్ లెక్క దాదాపు సరైనది, పూర్తిగా కాదు. చిన్నపిల్లల్లో వచ్చే రూపం ఆయన కంటపడలేదు. మాటసంఖ్య అరవై దాటితే పదిపదిహేనేళ్ళకే రావచ్చు. ఆ పిల్లలు ఎగిరిపడరు, మొదటినుంచే బిగుసుకుపోతారు. పైకి చూస్తే విల్సన్ జబ్బు పిల్లల్లాగే ఉంటారు.

ఇక విల్సన్. అమెరికాలో పుట్టి, ఎడిన్‌బరోలో చదివి, లండను క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో పనిచేసినవాడు. ఎం.డి. పట్టా కోసం రాసిన సిద్ధాంతగ్రంథాన్ని 'బ్రెయిన్' పత్రిక 1912లో రెండువందల పుటలకి పైగా వేసింది. ఓపిక లేనివాడు చదవలేడు. ఒకే సంగతిని మూడుసార్లు తిప్పి చెబుతాడు, పాతవాళ్ళ రోగుల్ని తెచ్చి తన రోగుల పక్కన నిలబెడతాడు, ఎదుటివాడు ఏమంటాడో ముందే ఊహించి జవాబు రాస్తాడు. హంటింగ్టన్ గొంతు కబుర్లు చెప్పే మనిషిది. విల్సన్ గొంతు కోర్టులో వకీలుది. రచనగా నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం.

కానీ విల్సన్ చేతిలో సాక్ష్యం ఉంది. తను స్వయంగా చూసిన రోగులు నలుగురు. ముగ్గురి శవాల్ని కోసి చూశాడు. ఎదిగే వయసు కుర్రవాళ్ళు. చేతులు వణుకుతాయి, కాళ్ళూ చేతులూ కొయ్యబారతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడుపడదు, నోరు తెరుచుకుని ఒక నవ్వు మొహం మీద అతుక్కుపోయి ఉంటుంది. మెదడు కోస్తే రెండువైపులా ఒకే కొలతలో, పుటామెన్, పాలిడం కలిసిన కటకం ఆకారపు ముద్ద మెత్తబడి, కొన్నిచోట్ల గుల్లబారి కనిపించింది. కండరాలకి నేరుగా ఆజ్ఞలు మోసే పిరమిడల్ దారులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆ దారి చెడకపోయినా కదలిక చెడుతుందని తేలింది. ఎక్స్‌ట్రాపిరమిడల్ అని ఇప్పుడు ప్రతి న్యూరాలజిస్టూ వాడే మాట అలా వాడుకలోకి వచ్చింది. పొట్ట కోస్తే కాలేయం చిన్నబోయి, గట్టిపడి, గడ్డలు గడ్డలుగా ఉంది. బతికున్నప్పుడు కాలేయం గురించి వాళ్ళెవరూ ఫిర్యాదు చేసింది లేదు.

మెదడూ కాలేయమూ ఒకేసారి ఎందుకు చెడ్డాయి? కాలేయంలోంచి ఏదో విషం వచ్చి మెదడులో ఆ ముద్దనే ఎంచుకుని కాలుస్తోందని విల్సన్ ఊహ. ఆ విషం పేరు ఆయనకి తెలియదు. అది రాగి. 1913లో ఒక జర్మను వైద్యుడు కాలేయంలో రాగి ఎక్కువుందని చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. 1948లో లండనులో కమింగ్స్ కాలేయంలోనూ మెదడులోనూ కొలిచి చూపించాడు. మనం తిండిలో తీసుకున్న రాగిలో మిగులుని కాలేయం పైత్యరసంలోకి పంపేస్తుంది. ఆ పంపే ప్రోటీను జన్యువు పదమూడో క్రోమోజోము మీద ఉంది. అదీ దొరికింది 1993లోనే. హంటింగ్టన్ జన్యువు మార్చిలో, ఇది డిసెంబరులో. ఆ ప్రోటీను పనిచెయ్యకపోతే రాగి కాలేయంలో పేరుకుని, నిండాక రక్తంలోకి పొర్లి, మెదడుకీ కంటికీ చేరుతుంది. మెదడులో అసలు నాడీకణాల కంటే ముందు వాటిని సాకే కణాలు మారిపోతాయి. కేంద్రకం ఉబ్బి, లోపల ఖాళీ అయినట్టు తెల్లబారుతుంది. చివరికి పుటామెన్ గుల్లబారుతుంది. హంటింగ్టన్ జబ్బులో ఒక జాతి కణాలు ఏరినట్టు పోతే, ఇక్కడ కణజాలమే కరిగినట్టు పోతుంది. ఒకటి లోపలే పుట్టిన చెడు, రెండోది బయటనుంచి వచ్చిపడ్డ చెడు. బయటనుంచి వచ్చినదాన్ని ఆపొచ్చు. మందు అందుకే సాధ్యమైంది.

విల్సన్ పత్రంలో రెండు పెద్ద ఖాళీలున్నాయి. ఒకటి కళ్ళెదురుగా ఉన్నది. నల్లగుడ్డు అంచున రాగి పేరుకుని గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో ఒక వలయం కడుతుంది. కైజర్ 1902లో, ఫ్లైషర్ 1903లో దాన్ని వర్ణించారు. విల్సన్ పత్రంలో దాని ఊసు లేదు. మెదడులో పుటామెన్ దాకా వెళ్ళినవాడు రోగి కళ్ళలోకి సరిగా చూడలేదు. చిన్న పొరపాటే అనుకోవచ్చు. ఆ వలయం కనిపెట్టేది కంటి డాక్టర్లు, వాళ్ళు రాసేది వాళ్ళ పత్రికల్లో.

రెండో ఖాళీ అంత తేలిగ్గా తీసిపారేయలేం. ఒకే ఇంట్లో అన్నకీ చెల్లికీ, అన్నకీ తమ్ముడికీ రావడం విల్సన్ గమనించాడు. అయినా ఇది కుటుంబంలో వచ్చేదే తప్ప వంశంలో వచ్చేది కాదన్నాడు. తల్లిదండ్రులు నిక్షేపంగా ఉన్నారు, తాతలకి లేదు, అందుకని. 1900 తర్వాత మెండెల్ గురించి ఇంగ్లండులో అంత గొడవ జరిగాక, అంతర్గత లక్షణం అంటే ఏమిటో కేంబ్రిడ్జిలో బేట్సన్ పుస్తకాలు రాసి చెప్పాక, లండనులో కూచుని ఇలా రాయడాన్ని నేను తప్పే అంటాను. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువు చెడ్డ ప్రతి ఒక్కొక్కటి మోస్తూ బాగానే ఉంటారు. పిల్లవాడికి రెండూ చేరితేనే జబ్బు. పైకి పాకని జబ్బు పక్కకి పాకితే అది అంతర్గతమే.

మన ఆసుపత్రుల్లో ఈ తప్పు ఇప్పటికీ నడుస్తోందని నా అభిప్రాయం. డాక్టర్లు విల్సన్ని చదివి చేసే తప్పు కాదిది. హంటింగ్టన్ నేర్పిన ప్రశ్నని విల్సన్ రోగికి వెయ్యడం వల్ల వస్తుంది. పదిహేనేళ్ళ కుర్రాణ్ణి తల్లి తీసుకొస్తుంది.

"మావోడికి ఎవులో చిల్లంగి పెట్టీసినారు బాబూ, చెయ్యి నిలవట్నేదు."

"వాళ్ళ నాన్నకి గానీ తాతకి గానీ ఇలా ఉందా అమ్మా?"

"మా ఇంటా వంటా నేదు బాబూ."

డాక్టరు కాగితం మీద వంశంలో లేదని రాస్తాడు. వంశంలో వచ్చే జబ్బులన్నీ అక్కడితో కొట్టేసినట్టే. ఇంకొక్క ప్రశ్న వేసుంటే కథ మారేది.

"మీ ఆయన మీకు ముందునుంచీ చుట్టమేనా?"

"మా సొంత మేనమావే గదా బాబూ!"

లెక్క కట్టి చూద్దాం. ఒక తాత చెడ్డ ప్రతి ఒకటి మోస్తున్నాడనుకుందాం. ఆయన కొడుక్కి అది చేరే అవకాశం సగం. కూతురి కూతురికి చేరేది పావు. ఆ మేనమామా మేనకోడలూ పెళ్ళాడితే, పుట్టే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 32లో 1. మేనత్త కొడుకూ మేనమామ కూతురూ అయితే 64లో 1. అదే ఆ తాత మనవడు ఏ సంబంధమూ లేని పిల్లని చేసుకుంటే, జనంలో తొంభైమందికి ఒకరు చెడ్డ ప్రతి మోస్తారన్న వాడుక లెక్క ప్రకారం, 1440లో 1. పొలం పోకూడదని, పిల్ల కళ్ళెదుటే ఉంటుందని, కట్నం మాట తేలిగ్గా తెగుతుందని చేసుకునే పెళ్ళిళ్ళని నేను ఆడిపోసుకోను. ఆ పెళ్ళిళ్ళలో ఎక్కువమందికి పిల్లలు బాగానే పుడతారు. డాక్టరు కాగితం మీద ఆ ఒక్క ముక్క ఉండాలన్నదే నా గొడవ. బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు మూడు దశాబ్దాల్లో చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలు 2007లో అచ్చువేశారు. అందులోనూ తల్లిదండ్రులు రక్తసంబంధీకులైన కుటుంబాలు చాలా ఉన్నాయి.

హంటింగ్టన్ జబ్బుకి మేనరికంతో పని లేదు. తండ్రికి ఉంటే, ఎవరిని చేసుకున్నా ప్రతి బిడ్డకీ సగం అవకాశం. ఇంత సూటిగా కనిపించే జబ్బు కాబట్టే దాని చుట్టూ దుర్మార్గమూ అంత సూటిగా పెరిగింది. 1916లో డావెన్‌పోర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ కుటుంబాల వంశవృక్షాలు పోగేసి, ఇలాంటివాళ్ళు పిల్లల్ని కనకూడదన్న వాదానికి వాడుకున్నాడు. హంటింగ్టన్ పత్రంలో ఆ ధ్వని లేదు. తన తాత చూసిన మనుషుల గురించి రాసినవాడికి అది రాదు. విల్సన్ రోగుల మీద అలాంటి ఉద్యమం ఏదీ లేవలేదు. వంశం కనబడకపోవడంలో ఉన్న ఒకే ఒక మేలు ఇదేనేమో.

ఇక్కడ రాగి మాట ఒకటి చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు సామాన్లు చేస్తారు. ఇత్తడంటే రాగీ జింకూ కలిసినది. విల్సన్ రోగికి అందులో ఒకటి విషం, రెండోది మందు. పేగులో రాగి రక్తంలోకి ఎక్కకుండా జింకు అడ్డుకుంటుంది. జింకు మాత్రలు ఈ జబ్బుకి ఇప్పుడు మామూలు వైద్యం. రాత్రి రాగిచెంబులో నీళ్ళు పోసి పొద్దున్నే తాగితే సర్వరోగాలూ పోతాయని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెబుతారు. మంచి కాలేయమున్నవాడికి ఎలా ఉన్నా, విల్సన్ రోగి ఇంట్లో ఆ చెంబు అటక మీదకి వెళ్ళాల్సిందే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచడం కూడా మానాల్సిందే.

1956లో వాల్ష్ అనే ఇంగ్లీషు డాక్టరు పెనిసిల్లమైన్ మందుతో రాగిని మూత్రంలోకి లాగెయ్యొచ్చని చూపించాడు. ఆ మందుతో మొదట్లో వణుకు ముదిరే రోగులు కొందరుంటారు, అందుకని తక్కువ మోతాదుతో మొదలుపెడతారు, లేదా వేరే మందుకి మారుస్తారు. జీవితాంతం వాడాలి. ఒంట్లో బాగుందని మానేస్తే కాలేయం ఉన్నట్టుండి కూలిపోవచ్చు. గుల్లబారిన పుటామెన్ తిరిగి పూడదు. గుల్లబారకముందు మొదలుపెడితే చాలామంది చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు. హంటింగ్టన్ జబ్బులో ఎగిరిపాటుని తగ్గించే మందులే ఉన్నాయి. కాడేట్ కరిగిపోవడాన్ని ఆపే మందు ఇంకా ఆసుపత్రి బల్ల మీదకి రాలేదు.

ఈ తేడా అన్నిటికంటే ఎక్కువ పీడించేది జబ్బు రాని తోబుట్టువుని. ఇద్దరు రచయితలూ అతణ్ణి వదిలేశారు. హంటింగ్టన్ అతని గురించి ఒక్క వాక్యం రాశాడు, తంతు తెగిందని. తెగిందో లేదో తెలియక నలభై ఏళ్ళు గడిపే మనిషిని చూడలేదు. విల్సన్ చనిపోయినవాళ్ళని చూశాడు గానీ ఇంట్లో మిగిలినవాళ్ళ కాలేయాల జోలికి వెళ్ళలేదు. ఇప్పుడు రెండు జబ్బులకీ రక్తపరీక్ష ఉంది. హంటింగ్టన్ ఇంట్లో బాగున్నవాణ్ణి పరీక్ష చేయించుకోమని ఎవరూ బలవంతపెట్టకూడదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి లక్షణాలు లేకుండా చెయ్యరు. తెలుసుకోకుండా ఉండే హక్కు అతనిది. వెనెజులాలో ఒక సరస్సు ఒడ్డు ఊళ్ళలో ఈ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ జన్యువు దొరకడానికి కారణమైన వాళ్ళలో ఒకరు నాన్సీ వెక్స్లర్. ఆమె తల్లికే ఈ జబ్బు. పరీక్ష వచ్చాక కూడా ఆమె చేయించుకోలేదు.

విల్సన్ ఇంట్లో సంగతి పూర్తిగా తిరగబడుతుంది. ఒక బిడ్డకి జబ్బు తేలితే మిగతా ప్రతి బిడ్డకీ పావు వంతు అవకాశం. లక్షణాలు లేని తోబుట్టువులకి ముందే మందు మొదలుపెడితే జబ్బు రాకుండా ఆపొచ్చని 1968లో న్యూయార్కు వైద్యులు స్టెర్న్‌లీబ్, షైన్‌బర్గ్ చూపించారు. అక్కడ తెలుసుకోకుండా ఉండే హక్కు మాట ఎత్తడం అన్యాయం. గజపతినగరం నుంచి కుర్రాణ్ణి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళినా, హైదరాబాదు నిమ్స్‌కి తీసుకెళ్ళినా, ఇంట్లో ఆడుకుంటున్న చెల్లినీ తమ్ముణ్ణీ కూడా బండెక్కించాలి. కంటి డాక్టరు స్లిట్ ల్యాంపు కింద నల్లగుడ్డు అంచు చూస్తాడు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీను కొలుస్తారు. ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి రాగి లెక్క కడతారు. అన్న జన్యుపరీక్షలో దోషం ఏదో దొరికితే మిగతా పిల్లల్లో ఆ ఒక్క దోషం ఉందో లేదో చూస్తే చాలు.